నొప్పికి సూది వేసే ముందు: గోదావరి జిల్లాల ఆర్‌ఎంపీ డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్‌ఎంపీ డాక్టర్లకు నమస్కారం.

నేను కోనసీమలో ఫిజియోథెరపిస్టుని. మీరు పంపిన పేషెంట్లు నా దగ్గరికి వస్తారు. నేను చెప్పిన వ్యాయామాలు చెయ్యలేక మానేసినవాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే వెళ్తారు. మనం చూసేది ఒకే మనుషుల్ని. వాళ్ళ నడుములు, మోకాళ్ళు, మెడలు, అరికాళ్ళ మంటలు, వీటి వెనక ఏం జరుగుతోందో గత నలభై యాభై ఏళ్ళలో సైన్సు చాలా తెలుసుకుంది. ఆ తెలివిడి అంతా పెద్ద ఊళ్ళ కాన్ఫరెన్సుల దగ్గరే ఆగిపోతోంది. వశిష్ట గోదావరి దాటి లంకలోకి రావాలంటే అది మీ ద్వారానే రావాలి. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వానికి రాయకుండా మీకు రాస్తున్నాను.

చట్టం మీ గురించి ఏమంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ తగువు ఈ ఉత్తరంలో పెట్టదలచుకోలేదు. వరద రోజుల్లో పంటు ఆగిపోయినప్పుడు, అర్ధరాత్రి ముసలాయనకి ఆయాసం వచ్చినప్పుడు, తలుపు కొడితే లేచి వచ్చేది మీరు. ఊళ్ళో ఎవరింట్లో ఎవరు తాగుతారో, ఎవరి అప్పు ఎంతో, ఏ కోడలు తిండి మానేసిందో మీకు తెలిసినంత ఏ స్పెషలిస్టుకీ తెలియదు. నొప్పి విషయంలో ఆ తెలియడం కూడా వైద్యంలో భాగమే అని ఇవాళ పరిశోధనలు చెబుతున్నాయి. ఆ బలం మీ చేతిలో ఉండగా సూది మీదే ఆధారపడుతున్నారన్నది నా బాధ.

ఊడ్పుల రోజుల్లో సాయంత్రం మీ క్లినిక్ ముందు బెంచీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దుటి నుంచీ బురదలో వంగిన ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని నేరుగా వస్తారు. నొప్పికి ఒక డైక్లోఫెనాక్ సూది, దాంట్లో కొంచెం డెక్సా అనే స్టెరాయిడ్, బలానికని ఒక బీ-కాంప్లెక్స్. మర్నాడు ఆవిడ మళ్ళీ చేలోకి దిగుతుంది, కూలి పోదు. రెస్టు తీసుకోమని చెప్పడం నాకూ మీకూ తేలికే. కూలి లేని రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది ఆవిడ లెక్క. ఆ లెక్క తెలిసే మీరు సూది వేస్తున్నారు, డబ్బుకోసమే వేస్తున్నారని నేను అనను. కానీ ఆ సూది ఎలా పనిచేస్తోందో ఒకసారి నాతో కలిసి చూడండి.

మొదటిది, డైక్లోఫెనాక్ లాంటి మందులు ఒంట్లో వాపునీ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవకుండా ఆపుతాయి. ఆస్పిరిన్ ఈ దారిలోనే పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో కనిపెట్టారు, 1982లో ఆ పనికి నోబెల్ వచ్చింది. వాపు ఉన్న కొత్త నొప్పికి ఈ మందు నిజంగానే పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. ఇక రెండోది, పట్టేసిన నడుము చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మనం ఏ మందిచ్చినా పేరు ఆ మందుకే వస్తుంది. మూడోది అన్నిటికంటే ఆసక్తికరమైనది.

1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు జ్ఞానదంతం పీకించుకున్న వాళ్ళకి మందు లేని సెలైన్ ఎక్కించారు. కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలొక్సోన్ ఇచ్చారు. అది మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే మందు. వెంటనే ఆ తగ్గిన వాళ్ళకి నొప్పి తిరిగి పెరిగింది. అంటే వాళ్ళు ఊహించుకోలేదు. నమ్మకం కలిగినప్పుడు వాళ్ళ మెదడే సొంతంగా నల్లమందులా నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు విడుదల చేసింది, నాలొక్సోన్ వాటిని అడ్డుకుంది. తర్వాత ఇటలీలోని టూరిన్‌లో బెనెదెత్తి బృందం ఇంకో సంగతి చూపించింది. ఆపరేషన్ అయినవాళ్ళకి అదే మందు, అదే మోతాదు. కొందరికి డాక్టరు ఎదురుగా నిలబడి, ఇది నొప్పి తగ్గిస్తుంది అని చెప్పి ఇచ్చాడు. మిగిలినవాళ్ళకి తెలియకుండా యంత్రం ద్వారా ఎక్కించారు. చెప్పి ఇచ్చినవాళ్ళకే బాగా పనిచేసింది.

దీని అర్థం మీ సూది మోసమని కాదు. మీరు చెయ్యి పట్టుకుని "ఏం భయం లేదమ్మా" అన్న మాట కూడా ఒంట్లో రసాయనాన్ని పుట్టిస్తుంది. 2016లో పోర్చుగల్‌లో పాత నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఇవి ఉత్త బిళ్ళలే, వీటిలో మందు లేదు అని చెప్పి మరీ ఇస్తే కూడా కొంత నొప్పి తగ్గింది. కాబట్టి అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. మీ మీద ఊరికున్న గురి మీ చేతిలో ఉన్న మందు. డెక్సా లేకుండా కూడా అది పనిచేస్తుంది.

నొప్పికీ దెబ్బకీ ఉన్న సంబంధం గురించి మనందరి తలల్లో ఒక పాత లెక్క ఉంది. ఎంత దెబ్బ ఉంటే అంత నొప్పి, నొప్పి ఉందంటే లోపల ఏదో పాడైంది. ఈ లెక్క తప్పని చెప్పడానికి మన ఆవకాయ రోజులు చాలు. కారం కలిపిన చెయ్యి రాత్రంతా భగభగ మండుతుంది. చర్మం చూస్తే కాలిన గుర్తు లేదు, బొబ్బ లేదు. కానీ మంట అబద్ధమా? 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీని గుట్టు పట్టుకుంది. మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంది. అది దాదాపు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్‌సైసిన్ కూడా సరిగ్గా ఆ ద్వారాన్నే తెరుస్తుంది. నరానికి మిరపకీ నిప్పుకీ తేడా తెలియదు, కాలుతోందనే కబురు పంపుతుంది. బామ్ రాస్తే చల్లగా ఉండటానికి కారణమైన ఇంకో ద్వారం 2002లో దొరికింది. ఒత్తిడిని, తాకిడిని పసిగట్టే పీజో అనే ద్వారాలను ఆర్డెమ్ పటాపూటియన్ బృందం 2010లో కనిపెట్టింది. 2021 నోబెల్ ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. (కారం మంటకి నీళ్ళకంటే నూనె రాసి తుడిస్తే ఎందుకు నయమో కూడా ఇందులోనే ఉంది. క్యాప్‌సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో సరిగా కరగదు. మా అమ్మమ్మ తరం వాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.)

ఈ కబురు వెన్నుపాములోకి చేరాక కూడా నేరుగా పైకి పోదు. అక్కడ ఒక గేటు ఉంటుందని మెల్జాక్, వాల్ 1965లో చెప్పారు. దెబ్బ తగిలిన చోట రుద్దితే హాయిగా ఉండేది అందుకే. రుద్దిన స్పర్శ ఆ గేటును కొంత మూస్తుంది. పైనుంచి మెదడు కూడా ఆ గేటును మూయగలదు, ఇంకా బార్లా తెరవగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో బీచర్ అనే డాక్టరు, పెద్ద గాయాలైన సైనికుల్లో చాలామంది నొప్పి మందు అడగకపోవడం చూసి రాసిపెట్టారు. వాళ్ళకి ఆ గాయం అంటే ప్రాణాలతో ఇంటికి వెళ్ళడం. మన దగ్గర అదే గాయం కొబ్బరి దింపు కార్మికుడికి అయితే రేపటి నుంచి చెట్టు ఎక్కలేకపోవడం. భయం, అప్పు, నిద్ర లేకపోవడం, ఇవన్నీ ఆ గేటును తెరిచే చేతులే. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా చేసేవాళ్ళకి ఒళ్ళు నొప్పులు ఎందుకు తగ్గవో ఆలోచించండి. నిద్ర తక్కువైతే నొప్పి ఎక్కువ తెలుస్తుందన్నది పదే పదే రుజువైన సంగతి.

ఇక స్కానింగుల దగ్గరికి వస్తాను. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

నా దగ్గరికి ఒకావిడ ఎమ్మారై ఫిల్ముని బట్టల షాపు కవరులో పెట్టుకుని వచ్చింది. నలభై దాటి ఉంటుంది. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే మనిషి. ఎవరో ఆవిడకి డిస్కు జారిందని, ఇక జీవితంలో వంగకూడదని, బరువెత్తితే కాళ్ళు పడిపోతాయని చెప్పారు. ఆ రోజు నుంచి ఆవిడ నేల మీద కూర్చోలేదు. బిందె ఎత్తలేదు. ముగ్గు పెట్టడం మానేసింది. కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు ఊపిరి బిగపట్టి, రెండు చేతులూ తొడల మీద నొక్కి, నడుముని కర్రలా నిటారుగా పట్టుకుని లేచింది. పరీక్ష చేస్తే కాళ్ళలో బలం బాగుంది, స్పర్శ బాగుంది. ఆవిడ వీపు కండరాలు రోజంతా బిగుసుకుని ఉండటమే ఒక పెద్ద నొప్పి. ఆ బిగింపుకి మూలం ఎవరో అన్న ఒక్క మాట.

ఆ ఫిల్ములో కనిపించిందేమిటి? 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఏ నడుం నొప్పీ లేని 3,110 మంది స్కానింగులు, 33 అధ్యయనాల నుంచి కలిపి చూశారు. నొప్పే లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి ఉంది. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్ళకే 30 శాతం మందిలో కనిపించింది. అంటే చాలామందికి అవి జుట్టు నెరిసినంత మామూలు మార్పులు. అన్నీ అలాగే ఉంటాయని నేననను. నరం మీద నిజంగా ఒత్తిడి పడి కాలు బలం తగ్గేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఆపరేషన్ ఆలోచించాల్సి రావచ్చు. కానీ ఫిల్ము చూసి మనిషిని భయపెట్టే ముందు, ఆ ఫిల్ముకీ ఆ నొప్పికీ పొత్తు ఉందా అని చూడాలి కదా.

ఆవిడతో నేను ముందు ఖాళీ బిందె వంగి ఎత్తించాను. చెమట పట్టేసింది. ఏమీ అవ్వలేదని ఆవిడకే తెలిశాక, తర్వాతిసారి కొంచెం నీళ్ళు పోసి. చాలా వారాలు పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుందంటుంది. కానీ దాళ్వా ఊడ్పులకి మళ్ళీ వెళ్ళింది.

మోకాళ్ళ విషయమూ అంతే. "గుజ్జు అరిగిపోయింది, ఎముక ఎముకా రాసుకుంటోంది" అని మనం అలవాటుగా అనేస్తాం. విన్న మనిషి నడవడం మానేస్తాడు. నడవకపోతే తొడ కండ తగ్గుతుంది, కండ తగ్గితే మోకాలి నొప్పి పెరుగుతుంది. దయచేసి ఆ మాట ఆపండి. మోకాలు నడిస్తే అరిగే వస్తువు కాదు, కదిలిస్తేనే బాగుండే కీలు.

మీ దగ్గరికి ఇంకో రకం మనుషులూ వస్తారు. ఒళ్ళంతా నొప్పులు, నీరసం, నిద్ర పట్టదు, రక్త పరీక్షలన్నీ నార్మల్. ఎక్కువగా ఆడవాళ్ళు. పెద్ద ఆసుపత్రికి వెళ్తే ఏమీ లేదంటారు, ఇంట్లోవాళ్ళు నటిస్తోందంటారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ వెన్నుపాములోని నరాలే ఎక్కువ సున్నితంగా మారిపోవచ్చని చూపించారు. గాయం మానినా, అసలు గాయమే లేకపోయినా, ఆకు కదిలినా మొరిగే కాపలా కుక్కలా నరాల వ్యవస్థ మారుతుంది. మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో ఇలాంటి నొప్పిని విడిగా గుర్తించింది. అదే సంఘం 2020లో నొప్పికి నిర్వచనం మార్చినప్పుడు, మనిషి నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది. ఏ పరీక్షలోనూ కనపడకపోయినా ఆవిడ నొప్పి నిజం. ఈ ఒక్క మాట మీ నోటి నుంచి, వాళ్ళాయన ఎదురుగా, ఆవిడ వింటే చాలు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు, ఏళ్ళ తరబడి ఎవరూ నమ్మని మనిషికి అదెంత ఊరటో మీరే చూస్తారు.

షుగరు ఉన్నవాళ్ళ అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వేరే సంగతి. అక్కడ నరమే దెబ్బతింది. డైక్లోఫెనాక్ దానికి పనికిరాదు, పైగా షుగరు వల్ల ముందే అలిసిన కిడ్నీలకి అది అదనపు భారం. ఆ నొప్పికి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రెగాబాలిన్ లాంటి వేరే మందులు ఉన్నాయి. అవి డాక్టరు చూసి మోతాదు కట్టాల్సినవి. మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు, ఆ పరీక్ష చేయించమని పంపండి. అంతవరకూ పాదాలు రోజూ చూసుకోమనండి, చెప్పులు లేకుండా గట్ల మీద తిరగొద్దనండి.

కొత్త మందుల గురించి మీలో కొందరు నన్ను అడిగారు. ఈ కథ ఉత్తర పాకిస్తాన్‌లో మొదలైంది. అక్కడ వీధుల్లో గారడీ చేసే ఒక పిల్లాడు చేతుల్లోంచి కత్తులు దింపుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. వాడికి నొప్పి తెలియదు. పద్నాలుగేళ్ళు నిండకముందే ఇంటి పైనుంచి దూకి చనిపోయాడు. వాడి బంధువుల కుటుంబాలను పరీక్షించి, నొప్పి కబురును నరంలో ముందుకు పంపే ఎన్‌ఏవీ1.7 అనే సోడియం ద్వారాన్ని తయారుచేసే జన్యువు చెడిపోవడమే కారణమని 2006లో ప్రకటించారు. వాళ్ళ నాలుకలు, పెదవులు తమ పళ్ళతోనే కొరికి గాయపడి ఉన్నాయి. నొప్పి లేని బతుకు ఎంత ప్రమాదమో అది చెబుతుంది. ఆ ద్వారాన్ని మూసే మందుకోసం కంపెనీలు చాలా ఖర్చుపెట్టాయి, మనుషుల మీద పరీక్షల్లో వరసగా విఫలమయ్యాయి. దాని పక్క ద్వారం ఎన్‌ఏవీ1.8 మీద పనిచేసే సుజెట్రిజిన్‌కి మాత్రం 2025 జనవరి 30న అమెరికాలో అనుమతి వచ్చింది. నల్లమందు జాతి కాదు, మెదడు మీద పనిచేసి అలవాటు పట్టించేది కాదు. మంచి వార్తే. కానీ అనుమతి పెద్దవాళ్ళ కొత్త నొప్పులకే, ఆపరేషన్ తర్వాత వచ్చేవాటిలాంటివాటికి. నడుం నుంచి కాల్లోకి పాకే సయాటికా నొప్పి మీద పరీక్షించినప్పుడు అసలు మందు తీసుకున్నవాళ్ళకీ ఉత్త బిళ్ళ తీసుకున్నవాళ్ళకీ నొప్పి దాదాపు ఒకే మేర తగ్గింది. మన బెంచీ మీద కూర్చునే నడుములకి ఆ బిళ్ళ జవాబు కాదు.

మరి జవాబేమిటంటే, అది మనం ఇవ్వగలిగినదే. ఆస్ట్రేలియాలో 492 మంది దీర్ఘకాల నడుం నొప్పి రోగుల మీద చేసి 2023లో ప్రకటించిన అధ్యయనంలో, ఫిజియోథెరపిస్టులు కొన్ని విడతలు కూర్చుని నొప్పి ఎందుకొస్తోందో వివరించి, భయపడే కదలికలను ఒక్కొక్కటిగా మళ్ళీ అలవాటు చేశారు. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. అక్కడే 2024లో 701 మంది మీద ఇంకోటి చేశారు. నడుం నొప్పి ఒకసారి తగ్గినవాళ్ళకి నడక పెట్టించారు, మెల్లగా పెంచుకుంటూ అరగంట, వారంలో ఐదు రోజులు. నడిచినవాళ్ళకి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళకి 112. నడకకి ఖర్చేముంది? ప్రతి ఊళ్ళో కాలవ గట్టు ఉంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో వ్యాయామం, వివరణ ఉన్నాయి. నడుం బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి బిళ్ళలు వద్దన్నారు. ట్రాక్షన్ వద్దన్న మాట నా వృత్తివాళ్ళకి కూడా వర్తిస్తుంది. బరువులు వేలాడదీసి పడుకోబెట్టడం మన ఊళ్ళల్లో ఇంకా నడుస్తోంది, అది ఆపాలి.

రోజంతా చేలో వంగే మనిషికి వేరే నడక ఎందుకని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఊడ్పుల పని ఒకే భంగిమలో గంటల తరబడి సాగుతుంది, వేగం మనిషి చేతిలో ఉండదు. సీజను లేని నెలల్లో నడక, తొడలకీ వీపుకీ బలం ఇచ్చే వ్యాయామాలు చేస్తే, సీజనులో ఒళ్ళు తట్టుకుంటుంది. సీజనులో అయితే గంటకోసారి లేచి నిటారుగా నిలబడి వెనక్కి వంగమని చెప్పండి, మేస్త్రీతో మీరు ఒక మాట అంటే ఆయన వింటాడు.

ఇక సూది చేసే చెరుపు. డైక్లోఫెనాక్ గుండె మీద చూపే ప్రభావం గురించి ఐరోపా మందుల సంస్థ 2013లో హెచ్చరించింది. కడుపులో పుండు, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బ. మే నెల ఎండలో చెమటతో నీరు పోయి ఉన్న ఒంటికి ఇది ఇంకా ప్రమాదం. బిళ్ళకంటే సూది మరీ గొప్పగా పనిచేయదు. పిరుదు మీద చోటు తప్పితే కాలి నరమే పోతుంది, అలా పాదం వాలిపోయిన మనుషులకి నేను వ్యాయామం చేయించాను. డెక్సా గురించి ఇంకా కఠినంగా చెప్పాలి. నెలల తరబడి తీసుకున్నవాళ్ళకి మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, తుంటి కీలుకి రక్తం అందక ఎముక కుళ్ళిపోవచ్చు. ఒంటి సొంత స్టెరాయిడ్ తయారీ ఆగిపోతుంది. అలాంటివాళ్ళకి ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, వాళ్ళని డాక్టరు దగ్గరికి పంపి మెల్లగా తగ్గించాలి. సంతల్లో అమ్మే పేరు లేని నొప్పుల పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

ఏ నొప్పికి సూదీ వద్దు, నా నడకా వద్దు, వెంటనే బండి ఎక్కించాలో కూడా చెప్పాలి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తిమ్మిరి ఉన్నా, కాలి బలం రోజురోజుకీ తగ్గుతున్నా ఆ రోజే పంపండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకుంటే పెరిగే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ గాని క్యాన్సరు గాని అనుమానించండి. ఎడమ భుజం, దవడ, గుండె మధ్య నొప్పికి గ్యాస్ అని పేరు పెట్టి సూది వేసి ఇంటికి పంపకండి. 108కి ఫోన్ చెయ్యండి.

చివరిగా, నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఒక లంకలో నోటి క్యాన్సరుతో ఉన్న ఒకాయన దగ్గరికి వెళ్ళాను. భుజం కదిలించాలని పిలిచారు. ఒకప్పుడు దింపు కార్మికుడు, కొబ్బరి చెట్టు మీదే బతికిన మనిషి. నేను వెళ్ళేసరికి తువ్వాలు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపారు. రోజుకి రెండు డైక్లోఫెనాక్ సూదులు పడుతున్నాయి. అవి ఆ నొప్పిని తాకనైనా తాకడం లేదు. ఆయనకి కావల్సింది మార్ఫిన్. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఇది ఖరీదైన మందు కాదు. నోటితో మింగే మార్ఫిన్ బిళ్ళ చవక, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. క్యాన్సరు నొప్పికి మెట్టుమెట్టుగా మందు పెంచే పద్ధతిని ఆ సంస్థ 1986లోనే చెప్పింది. మార్ఫిన్ తయారయ్యే నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద పండిస్తారు. అయినా దేశంలో అవసరమైన దాంట్లో 4 శాతమే రోగులకి అందుతోందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017లో లెక్క కట్టింది. 1985 మాదకద్రవ్యాల చట్టం ఎన్ని లైసెన్సులు అడిగిందంటే, ఆసుపత్రులు ఆ మందు పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ గుర్తింపు ఒక్కటి ఉంటే ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకోవచ్చు. అడ్డు తొలగి పదేళ్ళు దాటినా చాలామంది డాక్టర్ల భయం తొలగలేదు. మన దక్షిణాదిలోనే కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం, దానికి ఒక విధానం తెచ్చింది. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు, ఊళ్ళల్లో వాలంటీర్లు కలిసి ఇంటికే వెళ్ళి మందిచ్చే ఏర్పాటు చేశారు.

మార్ఫిన్ అంటే చావుమందని, అలవాటు పడిపోతారని జనం భయపడతారు. అమెరికాలో మామూలు నడుం నొప్పులకి ఈ జాతి మందులు విచ్చలవిడిగా రాసి లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నారు, అది నిజం. కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పులకి ఇవి ఉత్త బిళ్ళకంటే మెరుగేమీ కాదని 2023లో ఆస్ట్రేలియా పరీక్షలో తేలింది కూడా. క్యాన్సరు నొప్పి సంగతి వేరు. అక్కడ సరైన మోతాదులో, డాక్టరు చూస్తూ ఇస్తే మనిషి పడుకుంటాడు, తింటాడు, మనవడితో మాట్లాడతాడు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, దానికి మొదటి రోజు నుంచే మందు ఇవ్వాలి.

మీరు మార్ఫిన్ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. కానీ ఆ ఇంటి గడప తొక్కేది మీరే. కుటుంబాన్ని కూర్చోబెట్టి "ఈ నొప్పికి మందు ఉంది, ఆ మందు ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కుందాం" అనగలిగేది మీరే. వాళ్ళ చేత పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుని అడిగించండి, జిల్లా ఆసుపత్రిని అడిగించండి. లేదంటే ఎందుకు లేదని రాతపూర్వకంగా అడిగించండి. ఆ అర్జీ రాయడానికి నేను వస్తాను.

సార్వా ఊడ్పులు మొదలయ్యేలోపు ఒక ఆదివారం, మీ మండలంలో ఎక్కడ కూర్చుందామంటే అక్కడికి వస్తాను. గుడి మంటపమైనా, స్కూలు వరండా అయినా సరే. వెన్నెముక బొమ్మ తెస్తాను, వ్యాయామాలు మీ చేతే చేయిస్తాను, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి పంపాలో కూర్చుని రాసుకుందాం. మీ ఊళ్ళో ఏ నొప్పికి ఎంతమంది వస్తున్నారో ఒక పుస్తకంలో ఇప్పటినుంచే రాసి ఉంచండి, సూది వేసింది, వేయనిది, వారం తర్వాత ఎలా ఉన్నారన్నది. నా దగ్గరా అదే లెక్క ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ పక్క ఊరి ఫిజియోథెరపిస్టు,
కోనసీమ